పెలెట్ స్టవ్ బ్లోయర్ రొద తగ్గాలంటే ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ. న్యూ హాంప్‌షైర్‌లో ఇల్లు కొన్నారు, పాత యజమాని పెట్టించిన పెలెట్ స్టవ్ హాల్లో ఉంది, అంటే రంపపు పొట్టుని నొక్కి చేసిన చిన్న గుళికల్ని (పెలెట్లని) మండించి ఇల్లు వెచ్చబరిచే పొయ్యి. కిందటేడు పర్వాలేదనిపించిన బ్లోయర్, అంటే గాలి తోసే ఫ్యాన్, ఈ చలికాలం హోరెత్తిస్తోంది, హీట్ లెవెల్ పెంచితే రొద ఇంకా పెరుగుతోంది. టీవీలో మాట వినపడటం లేదు, పక్కగదిలో పాప నిద్ర లేస్తోంది. మోటార్ మార్చాలా, వెనకాల ఫోమ్ అంటిస్తే సరిపోతుందా, స్పీడ్ రెగ్యులేటర్ పెట్టుకోవచ్చా, ఇవేవీ కాకపోతే చప్పుడు లేని స్టవ్ ఏదైనా ఉందా?

ముందే చెప్పేస్తాను. ఫోమ్ అస్సలు వద్దు. మోటార్ ఇప్పుడే ఆర్డర్ పెట్టకండి. కిందటేడు లేని చప్పుడు ఈ ఏడు వచ్చిందంటే అది స్టవ్ స్వభావం కాదు, ఏదో పాడవుతోందని అర్థం. కప్పిపెట్టకుండా కారణం వెతకాలి. నేను చూసిన స్టవ్‌లలో ఎక్కువ వాటికి కారణం ఫ్యాన్ చక్రం రెక్కల్లో పేరుకున్న మురికి. ఆ తర్వాత బేరింగ్ ఎండిపోవడం, ఆ తర్వాత ఎక్కడో ఒక స్క్రూ వదులై రేకు అదరడం. ఈ మూడూ చూశాక కూడా రొద తగ్గకపోతేనే మోటార్ గురించి ఆలోచించాలి.

హైదరాబాద్ బాలానగర్‌లో ఫ్యాక్టరీలకు బ్లోయర్లు తయారుచేసే షాపులో బాలెన్సింగ్, టెస్టింగ్ పని చేశాను. ఇప్పుడు న్యూ ఇంగ్లండ్‌లో స్టవ్‌ల సర్వీసే నా పని. అక్కడి బ్లోయర్ మనిషంత ఎత్తు, ఇక్కడిది రెండు చేతుల్లో ఇమిడిపోతుంది. చప్పుడుకు కారణాలు మాత్రం రెండింటికీ అవే.

ముందు ఏ ఫ్యాన్ అరుస్తోందో తేల్చుకోండి

పెలెట్ స్టవ్‌లో తిరిగేవి మూడు. ఒకటి గదిలోకి వేడిగాలి తోసే ఫ్యాన్. ఇది మామూలుగా కింద వెనకవైపు ఉంటుంది, గదిలో గాలినే పీల్చి, వేడెక్కిన గొట్టాల మీదుగా ముందుకు వదులుతుంది. రెండోది పొగ లాగే ఫ్యాన్. స్టవ్ లోపల మంట మండే అరలోంచి పొగను లాగి బయటి పైపులోకి పంపేది ఇదే. మూడోది ఆగర్, అంటే హాపర్‌లో (పెలెట్లు పోసే డబ్బాలో) ఉన్న పెలెట్లను మెలికల కడ్డీతో కొద్దికొద్దిగా మంటలోకి నెట్టే చిన్న మోటార్. మూడింటి చప్పుళ్లూ కలిసి వినిపిస్తాయి కాబట్టి చాలామంది అంతా బ్లోయరే అనుకుంటారు.

ఆగర్‌ని కనిపెట్టడం తేలిక. కొన్ని సెకన్లు కిర్రుమని, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ కిర్రుమంటుంది. మీ చప్పుడు అలా వచ్చిపోతుంటే బ్లోయర్ జోలికి వెళ్లకండి. హాపర్ ఖాళీ చేసి, అడుగున చేరిన రంపపు పొట్టు అంతా ఊడ్చేయండి. సగం సార్లు దాంతోనే పోతుంది.

మిగతా రెండు ఫ్యాన్లలో ఏదో తెలియాలంటే టైమింగ్ గమనించండి. స్టవ్ ఆన్ చేయగానే మొదట మొదలయ్యేది పొగ ఫ్యాన్. వేడిగాలి ఫ్యాన్ స్టవ్ వేడెక్కాకే మొదలవుతుంది. నొక్కగానే రొద మొదలైతే పొగ ఫ్యాన్ మీద, కాసేపటికి మొదలైతే వేడిగాలి ఫ్యాన్ మీద అనుమానపడండి. మీరు టీవీ మాట వినపడటం లేదన్నారు, హీట్ లెవెల్ పెంచితే రొద పెరుగుతోందన్నారు. నా అంచనా వేడిగాలి ఫ్యాన్.

ఇక చప్పుడు రకం. దీన్ని మాటల్లో రాయడం కష్టమే అయినా చెవికి ఇట్టే తెలుస్తుంది.

సన్నగా, మారకుండా గుయ్ఁ అని వస్తే అది కరెంటు హమ్. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి మోటార్ 120 హెర్ట్జ్ దగ్గర గుయ్‌మంటుంది. మన దగ్గర 50 కాబట్టి 100 దగ్గర. గరగరమంటే లేదా కీచుమంటే బేరింగ్. టకటకమని లయగా కొడితే చక్రం ఎక్కడో రేకుకి తగులుతోంది, లేదా లోపల ఏదో పడింది. డబడబమని స్టవ్ మొత్తం వణికితే చక్రం బాలెన్స్ తప్పింది. గాలి హోరు మాత్రమే ఎక్కువగా ఉంటే స్పీడ్ ఎక్కువ, లేదా గాలి వెళ్లే దారి ఇరుకైంది. ఈల వేస్తున్నట్టుంటే ఎక్కడో సన్నటి సందులోంచి గాలి దూరుతోంది.

ఇంకో పరీక్ష. ఇది స్టవ్ పూర్తిగా చల్లారాకే చేయాలి. చాలా మోడళ్లలో మంట లేకుండా ఫ్యాన్లు మాత్రమే తిప్పి చూసే టెస్ట్ మోడ్ ఉంటుంది, మాన్యువల్లో చూడండి. ఆ మోడ్‌లో ఫ్యాన్ తిరుగుతుండగా ప్లగ్ పీకండి. ఆ క్షణంలోనే చప్పుడు ఆగిపోయి, ఫ్యాన్ మాత్రం ఇంకా తిరుగుతూ ఉంటే అది కరెంటు హమ్. ఫ్యాన్ మెల్లగా ఆగుతున్నకొద్దీ చప్పుడూ మెల్లగా తగ్గితే బేరింగో, బాలెన్సో, గాలి రొదో. మంట ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయకండి. పొగ లాగే ఫ్యాన్ ఆగిపోతే పొగ ఇంట్లోకి వస్తుంది.

మంట వెలుగుతున్నప్పుడు చేయగలిగే పరీక్ష వేరే ఉంది. దళసరి తోలు గ్లవ్ వేసుకుని పక్క ప్యానెళ్లు, హాపర్ మూత, వెనక రేకు ఒక్కొక్కటిగా అరచేత్తో నొక్కి చూడండి. ఏదో ఒకచోట నొక్కగానే చప్పుడు మారితే దొంగ దొరికినట్టే. ఆ ప్యానెల్ స్క్రూలు బిగించి, రేకు రేకుని తాకే అంచున ఫైబర్‌గ్లాస్ గాస్కెట్ టేప్ అంటిస్తే చాలు. స్టవ్ డోర్లకు వాడే అదే టేప్, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. మామూలు రబ్బరు, ఫోమ్ టేపులు అక్కడి వేడికి కరిగి కంపుకొడతాయి.

చక్రం శుభ్రం చేయడం: మన ఇళ్లలో కొంచెం వేరు

వేడిగాలి ఫ్యాన్ చక్రం పీపా ఆకారంలో ఉంటుంది, చుట్టూ సన్నటి వంకర రెక్కలు. ఉడతను పంజరంలో పెట్టి తిప్పించే చక్రంలా కనిపిస్తుందని ఇక్కడివాళ్లు స్క్విరల్ కేజ్ అంటారు. ఆ రెక్కల లోపలి వంపులో దుమ్ము, తివాచీ నూగు, పెంపుడు జంతువుల వెంట్రుకలు చేరతాయి. వంపు పూడిపోతే రెక్క గాలిని పట్టలేదు. గాలి తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది. దుమ్ము ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ పేరుకుంటుంది కాబట్టి బాలెన్స్ కూడా పోతుంది. వేగంగా తిరిగే చక్రానికి చిటికెడు దుమ్ము తేడా వచ్చినా స్టవ్ అంతా అదురుతుంది.

మన ఇళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడి ఇళ్లలో వంటగది, హాలు కలిసే ఉంటాయి. పోపు వేసినా, బజ్జీలు వేయించినా ఆ నూనె ఆవిరి హాల్లోకి వస్తుంది, స్టవ్ ఫ్యాన్ దాన్నే పీలుస్తుంది. నాషువాలో ఒక తెలుగువాళ్లింట్లో ఫ్యాన్ విప్పితే రెక్కల మీద పసుపు రంగు జిగురు పొర, దాని మీద దుమ్ము మందంగా అతుక్కుని ఉంది. వేలు పెట్టి గీకితే గోటిలోకి ముద్దగా వచ్చింది. ఇలాంటిది బ్రష్‌తో రాలదు, వాక్యూమ్‌తో రాదు. ఆ ఇంటివాళ్లు ఏడాదికోసారి వాక్యూమ్ పెట్టి శుభ్రం చేయిస్తూనే ఉన్నారు, పైపై దుమ్ము పోయేది, అట్ట అలాగే ఉండేది. చక్రం విప్పి గిన్నెల సబ్బుతో కడిగాక ఆ ఫ్యాన్ మళ్లీ మామూలుగా తిరిగింది. మీ హాలూ వంటింటితో కలిసే ఉంటే ముందు ఇక్కడే చూడండి.

పద్ధతి చెబుతాను. స్టవ్ పూర్తిగా చల్లారాక ప్లగ్ తీయండి. స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గే తీయాలి. వైర్లు ఊడదీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఫ్యాన్ మొత్తం బయటికి వచ్చాక, పొడి దుమ్మే అయితే మెత్తటి పెయింట్ బ్రష్‌తో ఒక్కో రెక్క వంపులోంచి దులిపి వాక్యూమ్‌తో లాగేయండి. జిడ్డు ఉంటే చక్రాన్ని షాఫ్ట్ నుంచి విడదీయాలి. మధ్యలో చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది. విప్పేముందు చక్రం షాఫ్ట్ మీద ఎంత లోపలికి ఉందో మార్కర్‌తో గీత పెట్టుకోండి, తిరిగి బిగించేటప్పుడు అక్కడికే రావాలి. అటూ ఇటూ జరిగితే చక్రం రేకుకి రాసుకుంటుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. ఓవెన్ క్లీనర్ లాంటి ఘాటైనవి వాడకండి, చక్రం అల్యూమినియందైతే తినేస్తాయి. మోటార్‌కి నీటి చుక్క తగలకూడదు. చక్రం పూర్తిగా ఆరాకే బిగించాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు.

రెక్కల అంచున చిన్న లోహపు క్లిప్పు కనిపిస్తే దాన్ని పీకకండి. ఏదో చెత్త ఇరుక్కుందని తీసిపారేసేవాళ్లు చాలామంది. అది ఫ్యాక్టరీలో చక్రాన్ని బాలెన్స్ చేసి పెట్టిన బరువు. బాలానగర్‌లో నేను చేసిన పనే అది. చక్రం ఎటు బరువుగా ఉందో చూసి, దానికి ఎదురుగా ఇంత ముక్క పెట్టడం. సీలింగ్ ఫ్యాన్ ఒక రెక్కకి బరువు కడితే ఎలా ఊగుతుందో, ఆ క్లిప్పు పోతే ఇదీ అలాగే అవుతుంది.

రెండోది, ఎయిర్ కంప్రెసర్ గాలి కొట్టేటప్పుడు చక్రాన్ని వేలితో పట్టుకుని కొట్టండి. వదిలేస్తే గాలికి అది మోటార్ ఎప్పుడూ తిప్పనంత వేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

బేరింగ్ సంగతి

ఫ్యాన్ చేతిలో ఉండగానే షాఫ్ట్ చూసేయండి. వేళ్లతో తిప్పి వదలండి. హాయిగా కొన్ని చుట్లు తిరిగి మెల్లగా ఆగితే బాగున్నట్టు. బిగుసుకుని టక్కున ఆగితే బేరింగ్ ఎండిపోయింది. ఇప్పుడు షాఫ్ట్‌ని పైకీ కిందికీ కదిపి చూడండి. ఆ దిశలో వదులుగా కదిలితే బేరింగ్ అరిగిపోయినట్టే, నూనెతో బాగుపడదు. పొడవునా ముందుకూ వెనక్కీ కాస్త జరగడం మాత్రం స్లీవ్ బేరింగ్ మోటార్లలో మామూలే, కంగారుపడకండి.

మోటార్ మీద నూనె వేసే చిన్న రంధ్రాలుంటే ఎస్ఏఈ 20 గ్రేడ్ నాన్-డిటర్జెంట్ మోటార్ ఆయిల్ రెండు మూడు చుక్కలు వేయండి. అంతకు మించితే కారి, దుమ్ము పట్టి, మళ్లీ మొదటికొస్తుంది. వంటనూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు. స్ప్రే కొట్టగానే చప్పుడు మాయమవుతుంది, అందుకే చాలామంది దాన్ని నమ్ముతారు. కానీ అది ఉన్న కాస్త నూనెనీ కరిగించి, తానూ ఆవిరైపోతుంది. కొన్నాళ్లకి బేరింగ్ మునుపటికంటే ఎక్కువ అరుస్తుంది. రంధ్రాలు లేని బాల్ బేరింగ్ మోటార్లు సీల్ చేసి ఉంటాయి, వాటికి నూనె అక్కరలేదు. అవి గరగరమంటే మార్చడమే.

నూనె వేసిన కొన్ని వారాలకే కీచు తిరిగొస్తే, కాలిన వాసన వస్తే, షాఫ్ట్ పక్కకి ఆడుతుంటే మోటార్ మార్చే వేళ వచ్చినట్టు. మోడల్‌ని బట్టి వంద నుంచి రెండు మూడు వందల డాలర్లు అవుతుంది. కొనేటప్పుడు వోల్టేజ్, ఆంపియర్, నిమిషానికి చుట్లు, ఏ వైపుకి తిరుగుతుంది, బిగించే ఫ్లాంజ్ కొలత, ఎంత వేడి తట్టుకుంటుంది, ఇవన్నీ పాతదానితో సరిచూసుకోవాలి. తిరిగే దిశ తప్పితే గాలి వస్తుంది కానీ బాగా తగ్గిపోతుంది, చాలామంది అది గమనించక స్టవ్ వేడి చేయడం లేదని ఫోన్ చేస్తారు. ఇండియా వెళ్లొచ్చేవాళ్లతో చవగ్గా బ్లోయర్ తెప్పించుకుందామని అడిగినవాళ్లున్నారు. వద్దు. అక్కడిది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మీ స్టవ్ ఇచ్చేది 120 వోల్టులు.

పొగ ఫ్యాన్ అయితే

దీన్ని వేరుగా రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఫ్యాన్ రెక్కల మీద సన్నటి బూడిద గట్టిపడి బాలెన్స్ తప్పిస్తుంది. శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు, కానీ ఫ్యాన్ ఊడదీసినప్పుడల్లా దాని కింద ఉండే గాస్కెట్ (సందు మూసే పట్టీ) కొత్తది వేయాలి. పాతది బాగానే ఉందనిపించినా సరే. ఈ ఫ్యాన్ దాటాక పైపులో పొగ బయటికి తోసే ఒత్తిడితో వెళుతుంది. అక్కడ సన్నటి సందు ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు. స్టవ్ ఉన్న అంతస్తులోనూ, మీరు పడుకునే గదుల దగ్గరా సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి. పాప గది దగ్గర తప్పకుండా.

బూడిదకి ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ వాడొద్దు. సన్నటి బూడిద ఫిల్టర్ దాటి గదంతా పడుతుంది, ఒక్క నిప్పురవ్వ మిగిలి ఉన్నా వాక్యూమ్ సంచి అంటుకుంటుంది. యాష్ వాక్యూమ్ అని విడిగా దొరుకుతుంది.

పొగ ఫ్యాన్ శుభ్రంగా ఉన్నా హోరెత్తుతుంటే పైపు దారి చూడండి. పొడవు ఎక్కువై, ఎల్బోలు (పైపు మలుపులు) ఎక్కువైతే ఫ్యాన్ ఎక్కువ కష్టపడాలి. చాలా మాన్యువళ్లలో లెక్క ఇలా ఉంటుంది: ఒక్కో ఎల్బోకి ఇన్ని అడుగులని కలుపుకుని, మొత్తం 15 అడుగులు దాటితే 3 అంగుళాల పైపు బదులు 4 అంగుళాలది వేయాలి. మైన్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో పైపు బేస్‌మెంట్ నుంచి మెలికలు తిరిగి పైకి పోయేది, అంతా 3 అంగుళాలదే. ఫ్యాన్ మార్చినా రొద తగ్గలేదని నన్ను పిలిచారు. పైపు మార్పించాక చప్పుడూ తగ్గింది, గాజు మీద మసి పట్టడమూ తగ్గింది.

ఈ ఫ్యాన్‌కి బయట నుంచి స్పీడ్ రెగ్యులేటర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. మంటకి కావలసిన గాలిని లెక్కకట్టి నడిపేది స్టవ్ లోపలి కంట్రోల్ బోర్డు. మధ్యలో మనం వేలు పెడితే మంట సరిగా మండదు, పొగ వెనక్కి వస్తుంది.

స్పీడ్ తగ్గిస్తే ఎంత తగ్గుతుంది?

చాలా తగ్గుతుంది. ఫ్యాన్ వేగం కొంచెం పెరిగినా గాలి హోరు చాలా ఎక్కువగా పెరుగుతుంది. బ్లోయర్ల పనిలో వాడే లెక్క ప్రకారం, వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. 60 శాతానికైతే 11. సగానికి తెస్తే 15. చెవికి 10 డెసిబెల్స్ తేడా అంటే దాదాపు సగానికి సగం తగ్గినట్టు వినిపిస్తుంది. వచ్చే గాలి మాత్రం వేగంతో సమానంగానే తగ్గుతుంది. అంటే అయిదో వంతు గాలి వదులుకుంటే, టీవీ మాట వినపడేంత తేడా వస్తుంది.

అయితే పెలెట్ స్టవ్‌లో వేడిగాలి ఫ్యాన్‌ని మాత్రమే విడిగా తగ్గిస్తే, పుట్టిన వేడి గదిలోకి రాకుండా పైపులోంచి బయటికి పోతుంది. స్టవ్ లోపల వేడి మరీ పెరిగితే హై-లిమిట్ స్విచ్ పడి స్టవ్ ఆగిపోతుంది. అందుకే ఫ్యాన్ కాదు, మంటే తగ్గించండి. లెవెల్ 5లో రెండు గంటలు మండించి ఆపి మళ్లీ వెలిగించే బదులు, లెవెల్ 2లో రోజంతా వదిలేయండి. థర్మోస్టాట్ పెట్టుకుని ఉంటే సెట్టింగ్స్‌లో ఆన్-ఆఫ్ మోడ్ కాకుండా, ఆరిపోకుండా మంట తగ్గుతూ పెరుగుతూ ఉండే హై-లో మోడ్ ఉందేమో చూడండి. ఆన్-ఆఫ్‌లో గది చల్లబడిన ప్రతిసారీ స్టవ్ మొదటి నుంచీ వెలిగి, ఫుల్ స్పీడ్‌లో హోరెత్తుతుంది. పాప ఉలిక్కిపడి లేచేది చాలావరకు ఆ మార్పుకే. ఒకే తీరుగా వచ్చే సన్నటి హోరుకి పిల్లలు అలవాటు పడతారు. తక్కువ మంటలో గాజు త్వరగా మసకబారుతుంది, బూడిద అడ్డుపడే అవకాశమూ పెరుగుతుంది. రోజులో కాసేపు, ఇంట్లో చప్పుడు ఎవరికీ ఇబ్బంది కాని సమయంలో, ఎక్కువ మంట పెట్టండి.

కట్టెల స్టవ్‌లు, ఫైర్‌ప్లేస్ ఇన్సర్ట్‌ల (గోడలోని పాత ఫైర్‌ప్లేస్‌లో అమర్చే స్టవ్‌ల) సంగతి వేరు. ఇది చదివేవాళ్లలో ఆ రకం ఉన్నవాళ్లకి చెబుతున్నాను. వాటి బ్లోయర్‌కి మంటతో సంబంధం ఉండదు, సాధారణంగా స్పీడ్ డయల్ కూడా వస్తుంది. డయల్ మధ్యలో పెట్టినప్పుడు గుయ్‌మనే హమ్ ఎక్కువైతే మోటార్ తప్పు కాదు. ఆ డయల్ కరెంటు అలను ముక్కలుగా కోసి స్పీడ్ తగ్గిస్తుంది, ఆ కోతకి మోటార్ చుట్టలు మోగుతాయి. అదే వేగానికి వేరియాక్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో వోల్టేజ్ తగ్గిస్తే అల కోసినట్టు కాకుండా నున్నగా ఉంటుంది, హమ్ పోతుంది. పెన్సిల్వేనియాలో ఒక మిత్రుడి ఇన్సర్ట్‌కి ఇదే చేశాం, సన్నటి గాలి చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. మోటార్ ఆంపియర్లకి సరిపడా వేరియాక్ తీసుకోవాలి, స్టవ్‌కి దూరంగా పెట్టాలి. వోల్టేజ్ మరీ తగ్గిస్తే మోటార్ తిరగలేక వేడెక్కుతుంది, కాబట్టి ఫ్యాన్ నిలకడగా తిరిగే చోటికి కిందికి వెళ్లకండి.

అదురు నేలకి, గోడకి పాకకుండా

ఇక్కడి ఇళ్లలో నేల అంటే కర్ర దూలాల మీద పరిచిన ప్లైవుడ్. కింద బేస్‌మెంట్ ఖాళీగా ఉంటే అది డోలులా మోగుతుంది. ఫ్యాన్ చిన్న అదురు కూడా పక్కగదిలో గుమ్మని వినిపించేది అందుకే. మీ పాప గదిలో వినపడేది గాలి హోరు కాదు, ఈ గుమ్మే అయ్యుండొచ్చు. పాప గదిలో నేల మీద అరచెయ్యి ఆన్చి చూడండి, అదురు తెలుస్తుంది.

దీనికి ముందు చూడాల్సింది ఫ్యాన్ బిగించే చోట రబ్బరు గ్రోమెట్లు, అంటే అదురు పీల్చే చిన్న రింగులు. వేడికి ఏళ్ల తరబడి గట్టిపడి, గోటితో నొక్కితే రాయిలా ఉంటాయి. సిలికోన్‌తో చేసినవి, వేడి తట్టుకునేవి, వేసుకోండి. స్క్రూని మరీ బిగిస్తే గ్రోమెట్ నలిగిపోయి ఉన్నా లేనట్టే, చేత్తో బిగువు తెలిసేంత వరకు చాలు. తర్వాత స్టవ్ నాలుగు కాళ్లూ నేలకి సమంగా ఆనాయో లేదో చూడండి. ఒక కాలు గాల్లో ఉంటే స్టవ్ మొత్తం ఆ కాలి మీద తడబడుతూ మోగుతుంది. లెవెల్ స్క్రూలు తిప్పి సరిచేయండి. పొగ పైపు గోడలోంచి వెళ్లేచోట పైపు రేకుకి తగులుతుంటే ఆ గోడ కూడా పాడుతుంది. అక్కడ థింబుల్ (గోడలో పైపు చుట్టూ ఉండే తొడుగు) సరిగా కూర్చోబెట్టడం స్టవ్ టెక్నీషియన్ పని, మీరు కదపకండి.

గది విషయానికొస్తే, వెనక ఇటుక గోడ, కింద టైల్స్, ముందు హార్డ్‌వుడ్ నేల. ఈ మూడూ చప్పుడుని వెనక్కి కొట్టేవే. మాన్యువల్లో రాసిన క్లియరెన్స్ దూరం దాటాక మందపాటి తివాచీ పరచండి, కిటికీలకి బరువైన కర్టెన్లు వేయండి. ఎదురుగోడకి పుస్తకాల అలమర పెట్టినా మేలే. రొద పుట్టేచోట ఏమీ తగ్గదు కానీ గదిలో మార్మోగడం తగ్గుతుంది.

ఫోమ్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. స్టవ్ వెనక ఫ్యాన్ గాలి పీల్చే దారి ఉంది. అక్కడ ఏది అంటించినా గాలి తగ్గి, మోటార్ చల్లబడక, రొద ఇంకా పెరుగుతుంది. పైగా ఫోమ్ పాలీయురిథేన్, అంటుకుంటే క్షణాల్లో మండి విషపు పొగ వదులుతుంది. ఇంటి ఇన్స్యూరెన్స్ వాళ్లు చూస్తే క్లెయిమ్‌కి కూడా ఇబ్బందే.

ఇంకో చిన్న చిట్కా, డబ్బు ఖర్చు లేనిది. వేడి పక్కగదులకి వెళ్లాలని చాలామంది స్టవ్ బ్లోయర్‌ని ఫుల్‌లో పెడతారు. దాని బదులు పాప గది గుమ్మం దగ్గర నేల మీద చిన్న టేబుల్ ఫ్యాన్ అతి తక్కువ స్పీడులో, స్టవ్ వైపుకి తిప్పి పెట్టండి. నేలబారున ఉన్న చల్లగాలి హాల్లోకి వస్తుంది, దాని స్థానంలోకి పైనుంచి వెచ్చగాలి గదిలోకి పాకుతుంది. వేడిగాలిని తోయడం కంటే చల్లగాలిని నెట్టడం తేలిక. ఇది పెట్టుకున్నాక స్టవ్ లెవెల్ ఒకటో రెండో తగ్గించినా ఇల్లు అలాగే ఉంటుంది.

ప్రతి పనికీ ముందూ తర్వాతా ఫోన్‌తో కొలవండి. ఐఫోన్ ఉంటే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ తయారుచేసిన సౌండ్ లెవెల్ మీటర్ యాప్ ఉచితం. సోఫాలో మీరు కూర్చునే చోటే, అదే లెవెల్లో స్టవ్ పెట్టి కొలవాలి. రెండు సమానమైన చప్పుళ్లలో ఒకటి పూర్తిగా ఆపేసినా మీటర్‌లో తగ్గేది 3 డెసిబెల్సే. మొదటి మరమ్మతు తర్వాత పెద్ద తేడా లేదని వదిలేయకండి, రెండోది కూడా సరిచేశాకే తేడా చెవికి తెలుస్తుంది.

ఇవన్నీ సొంతంగా చేయడానికి ధైర్యం చాలకపోతే నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్‌ని పిలవండి. పాత యజమాని చివరిసారి ఎప్పుడు సర్వీస్ చేయించాడో మీకు తెలియదు కాబట్టి నా సలహా, ఈ ఒక్కసారికి పిలిపించండి. పైపు కూడా చూడమనండి, అమెరికా అగ్ని భద్రతా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 211 ఏడాదికోసారి చూపించమనే చెబుతుంది. అతను ఫ్యాన్ విప్పేటప్పుడు పక్కన నిలబడి చూస్తే వచ్చే ఏడాది మీరే చేసుకోగలరు.

చివరిగా, చప్పుడు లేని స్టవ్ గురించి. పెలెట్ స్టవ్‌లో పొగ ఫ్యాన్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పూర్తి నిశ్శబ్దం ఆశించకండి. తక్కువ మంటలో వేడిగాలి ఫ్యాన్ పూర్తిగా ఆపేసుకునే వీలున్న మోడళ్లు, ముఖ్యంగా ఇటలీ తయారీవి, ఉన్నాయి. పడుకునే గదుల దగ్గరకి అవి నయం. ఫ్యాన్ లేకుండానే గది వెచ్చబడేది కావాలంటే సోప్‌స్టోన్ (వేడిని పట్టి ఉంచే రాయి) తొడుగు ఉన్న కట్టెల స్టవ్. కానీ రోజూ కట్టెలు మోయాలి, మంట చూసుకోవాలి, చిన్నపిల్ల ఉన్న ఇంట్లో చుట్టూ కంచె కూడా పెట్టాలి. ఏది కొన్నా షోరూమ్‌లో వెలిగించగానే విని ఊరుకోకండి, అప్పటికి వేడిగాలి ఫ్యాన్ మొదలవనే అవదు. ఇరవై నిమిషాలు ఉండి, పూర్తిగా వేడెక్కాక, పై లెవెల్లో పెట్టించి, ఆరడుగుల దూరంలో కూర్చుని మామూలు గొంతుతో ఇంట్లోవాళ్లతో మాట్లాడి చూసి అప్పుడు డబ్బు కట్టండి.